సిగ్గు ఎవరిది? — జాషువా గారి ‘గబ్బిలము’ మన సంఘములకు చెప్పు మాట



మన గోదావరి, కొల్లేటి ప్రాంతములలో సిగ్గునకు ఎన్ని మాటలున్నవో ఎన్నడైనను లెక్కపెట్టితిరా? కొత్త పెండ్లికూతురు తల వంచుకొనిన అది సిగ్గు. నలుగురిలో నోరు పెగలనివానిది బిడియము. కడుపు నిండినను వద్దనలేక మరల వడ్డించుకొనువానిది మొహమాటము. తమ్ముడు మోటారుబండి కొనగా నేనింకను సైకిలు తొక్కుచున్నానే అని అనుకొనువానిది నామోషి. కూతురు చెప్పకుండ పెండ్లి చేసికొనినదని తండ్రి వీధిలోనికి రాలేకపోవుట తలవంపు. అప్పు ఇచ్చినవాడు గుమ్మములో నిలిచి కేకలు వేసిన అది పరువు పోవుట.

ఇన్ని మాటలుండియు, అన్నిటికంటె ముఖ్యమైన ఒక భేదమును చూపు మాట మనకు లేదు. తాను చేసిన తప్పునకు తల వంచుకొనువానిది సిగ్గు. ఏ తప్పును చేయక, ఎదుటివాడు తన్ను తక్కువ చేసినందున తల వంచుకొనువానిది కూడ సిగ్గే. అవమానమను మాట కలదు గదా అందురేమో. అవమానము ఎదుటివాడు చేయు పని. అది చేసి వాడు తన దారిని పోయిన పిమ్మట, వీని లోపల మిగిలిపోవుదానికి పేరేమి? దానిని కూడ సిగ్గనియే అందుము. దొంగకును, దొంగ చేతిలో నష్టపోయినవానికిని ఒక్కటే మాట! ఈ మాటల కలగలుపువలన మన ఇండ్లలోను, మన సంఘములలోను జరుగు కీడు కొంచెము కాదు. దానిని విడదీసి చూచుటకు ఒక తెలుగు కావ్యము మనకు సహాయము చేయును. అది గుఱ్ఱము జాషువా గారి ‘గబ్బిలము’. మన సంఘస్థులలో ఆ పేరు విననివారు తక్కువ. ఆ పుస్తకమును నిదానముగా చదివినవారు ఇంకను తక్కువ.

కావ్యములోనికి పోవుటకు ముందు మనకు తెలిసిన సంగతియే ఒకటి చూతము. తాడేపల్లిగూడెములో ఏలూరు బస్సు ఎక్కి ఇద్దరు మనుష్యులు ప్రక్కప్రక్కన కూర్చుండిరనుకొనుడి. వాన సంగతి మాటలాడుకొందురు. ధాన్యము ధర, గూడెము మార్కెట్టులో ఉల్లిపాయల ధర, పిల్లల చదువులు అన్నియు అయిపోవును. ఒకరి కష్టమునకు ఒకరు అయ్యో అందురు. అప్పుడు వరుసగా ప్రశ్నలు వచ్చును. “మీదే ఊరండీ?” “ఇంటిపేరేవిటండీ?” అటు తరువాత, గొంతు కొంచెము తగ్గించి, “ఇంతకీ మీరెవరండీ?” పేరును ముందే చెప్పితిమి, ఊరును చెప్పితిమి. అయినను ఈ మూడవ ప్రశ్న దేనిని అడుగుచున్నదో ఈ సీమలో పసిపిల్లవానికి కూడ తెలియును.

జవాబు చెప్పిన తరువాత తిట్టు ఏదియు రాదు. ఆయన కొంచెము సర్దుకొని కూర్చుండును. కిటికీలోనుండి బయటికి చూచును. మరల మాటలాడినప్పుడు మాట చివర నుండు ‘అండీ’ రాలిపోయియుండును. ఇంతియే జరిగినది. దీనిని చూపి ఎవరిమీద ఫిర్యాదు చేయగలము? సాక్షులేరి? దెబ్బ ఏది? అయితే జవాబు చెప్పినవాడు కూడ అటు తిరిగి కిటికీలోనికి చూచును. దిగవలసిన ఊరు ఇంకను రాకముందే లేచి తలుపు దగ్గర నిలుచును. తప్పు చేసినవాడు హాయిగా కూర్చుండగా, తప్పు లేనివాడు లేచి నిలుచుండుట ఈ సిగ్గుయొక్క మొదటి గురుతు.

జాషువా గారి జీవితములో ఇటువంటిదే ఒకటి జరిగినదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆయన తన కవిత్వమును వెంకటగిరి మహారాజా వారికి వినిపించుటకు రైలులో పోవుచుండగా, తోటి ప్రయాణికుడొకడు ఆయన కవియని తెలిసికొని పద్యములు చదువుమని కోరెను. విని మెచ్చుకొనెను. పిమ్మట కులమేదని అడిగెను. చెప్పగానే లేచి వెళ్లిపోయెను. చదువరులారా, ఆ ప్రయాణికుడు చెవులు లేనివాడు కాడు, మంచి పద్యమును గుర్తించిన రసికుడు. పద్యమునకు ముందు ఒక మనిషి, పద్యమైన తరువాత వేరొక మనిషి ఆ పెట్టెలో కూర్చుండలేదు. ఉన్నది ఒక్క జాషువాయే. మారినది ఆ ప్రయాణికుని చూపు. మారిన చూపు అతనిది, దాని బరువు మోసినది జాషువా.

ఆయన 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో పుట్టెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ స్త్రీ, కుటుంబము క్రైస్తవ కుటుంబము. గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పదేండ్లు పని చేసెను. 1932లో ‘ఫిరదౌసి’, 1941లో ‘గబ్బిలము’ వచ్చినవి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము వచ్చెను. 1970లో పద్మభూషణ బిరుదము పొంది, 1971 జూలై 24న మరణించెను. మహాపండితుడైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు తమ చేతులతో ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. ఒక కవికి తెలుగుదేశము ఇయ్యగల గౌరవములన్నియు ఆయనకు దొరికినవి. అయినను ముసలితనమున తన జీవితమును పద్యములలో ‘నా కథ’ అని వ్రాసికొనినప్పుడు, ఆ పాత అవమానములను విడిచిపెట్టలేదు. వేదికమీద వేయి మంది వేసిన పూలమాల, రైలుపెట్టెలో ఒక్కడు చేసిన గాయమును మాన్పలేదు. ఇది ఈ సిగ్గుయొక్క రెండవ గురుతు: దాని కారణము తొలగిపోయినను అది తొలగదు.

ఇప్పుడు కావ్యమునకు వత్తము. కథ చిన్నది. తంజావూరు ప్రాంతమున ఒక అస్పృశ్యుడు కలడు. కష్టపడి పని చేయువాడు, ఆకలిగొనినవాడు. తన గోడును కాశీలోని విశ్వనాథునికి చెప్పుకొనవలెనని అతని కోరిక. అతడు గుడిలోనికి పోరాదు. అందుచేత ఒక గబ్బిలముతో మనవి పంపుచున్నాడు. గబ్బిలమునకు గుడిలో అడ్డు లేదు. అది దేవుని దగ్గరనే వ్రేలాడును. కాళిదాసు తన యక్షుని చేత మేఘముతో సందేశము పంపించెను. పూర్వకవులు హంసను, చిలుకను పంపిరి. జాషువా గారు గబ్బిలమును ఎంచుకొనెను. దీనిని విమర్శకులు గొప్ప హేళనగా మెచ్చుకొనిరి: మనిషికి లేని ప్రవేశము గబ్బిలమునకున్నదే! ఆ మెప్పు సరియైనదే. కాని అంతటితో నిలిచిన యెడల కావ్యములో సగమే చదివినట్లు.

ఆలోచించుడి. గబ్బిలము ఇంటిలో దూరిన అరిష్టమని మనవారు చీపురుతో తరుముదురు. పగలు దానికి ముఖము లేదు. మనిషి ముఖము చూచి తన సంగతి చెప్పుకొనలేనివాడు తరుమబడిన జీవితోనే చెప్పుకొనును. సిగ్గుపడినవాడు తన సిగ్గును రాజుతో చెప్పడు, పండితునితో చెప్పడు. బోధకునితో చెప్పుట కూడ అరుదు. తనవంటి దానితో, చీకటిలో, ఎవరును వినకుండ చెప్పును. ఏలూరు కాలువగట్టుమీద ఒంటరిగా కూర్చుండి తన ఎద్దుతో మాటలాడు ముసలివానిని మీరు చూచియుండరా? కవి వేళాకోళమునకు ఈ ప్రాణిని ఎన్నుకొనలేదు. సిగ్గుయొక్క నైజము నెరిగి ఎన్నుకొనెను.

ఇంకొక చిన్న సంగతి. పూజారి దగ్గర లేని సమయము చూచి దేవునితో చెప్పుమని అతడు గబ్బిలమును హెచ్చరించును. నా మట్టుకు ఈ కావ్యమంతటిలో నన్ను నిలిపివేసిన చోటు ఇదియే. తన దేవుడు కోపించునని అతనికి భయము లేదు. దేవుడు వినునని అతని నమ్మకము చెడలేదు. నడుమ నిలిచినవాడు చూచునేమో అనునదే అతని భయము. నేరము చేసినవాడు న్యాయాధిపతికి భయపడును. సిగ్గుపడినవాడు చూచువానికి భయపడును. ఈ ఒక్క మాటలో ఆ రెండింటి భేదమును కవి మనకు చూపినాడు. నేరమునకు ఒప్పుకొనుట, క్షమాపణ, తీర్పు అను దారులు కలవు. చేయని నేరమునకు కలిగిన సిగ్గుకు ఏమి ఒప్పుకొనవలెను? ఎవరు క్షమించవలెను?

ఈ కావ్యములో లోపములు లేవా? కలవని చెప్పువారు కలరు. గబ్బిలము పోవు దారి పొడుగునను నదులు, కోటలు, శిథిలములు, పూర్వపు రాజులు, కవులు వర్ణింపబడిరి. ఆకలిగొన్నవాని గోడు నడుమ ఈ దేశవర్ణన ఎందులకని వారి ప్రశ్న. మొదటి చదువులో ఆ ప్రశ్న న్యాయముగానే తోచును. అయితే మరల చదివి చూడుడి. ఈ మనిషికి ఈ దేశములో సెంటు నేల లేదు. గుడి గుమ్మము లేదు. అట్టివాడు తెలుగుదేశపు గొప్పతనమునంతయు వరుసగా తలచి, ఇది నాది, దీనికి నేను వారసుడనని చెప్పకయే చెప్పుచున్నాడు. కరణము పుస్తకములో తన పేర నేల లేనివాడు పద్యములో దేశమును తన పేర వ్రాయించుకొనుచున్నాడు. కావున దానిని లోపమనలేము.

రెండవ ఆక్షేపణ గట్టిది. గట్లమీద పని చేయువాని గోడును సంస్కృత సమాసములతో నిండిన వృత్తములలో వ్రాయుట ఏల? ఎవనికొరకు వ్రాసెనో వాడు చదువలేడు గదా! ఇందులో కొంత నిజమున్నది. మన కొల్లేటి లంకలలో ఆ పద్యములను పలువురు చెవితో విని కంఠస్థము చేసినవారే గాని పుస్తకములో అర్థము చూచుకొనినవారు కారు. అయినను కవి పక్షమున ఒక మాట చెప్పవలెను. ఈ భాష నీది కాదని తరుమబడినవాడు, తరిమినవారి భాషను వారికంటె బాగుగా వ్రాసి చూపినాడు. దానివలన లాభమును కలిగెను, నష్టమును కలిగెను. లాభము: పండితుడు వినక తప్పలేదు. నష్టము: సిగ్గుపడినవాడు తాను మనిషినని ఒప్పించుటకు అందరికంటె రెండింతలు గొప్పవాడు కావలెనను తలంపు స్థిరపడెను. మన పిల్లలకు మనమును ఈ మాటనే చెప్పుచున్నాము: బాగుగా చదువుము, అప్పుడు ఎవరును నిన్ను తక్కువగా చూడరు. చదువు మంచిదే. కాని మొదటి తరగతి మార్కులు తెచ్చుకొనలేని పిల్లవాడు మనిషి కాడా? గౌరవమును పరీక్షలో గెలుచుకొనవలసిన బహుమానముగా చేసినప్పుడు, ఓడినవానికి మరియొక సిగ్గును మనమే తగిలించుచున్నాము.

మూడవ లోపమును నేను ఎత్తి చూపుదును. ఈ కావ్యములో మాటలాడువాడు పురుషుడు. ఆడుదాని సిగ్గు ఇందులో నోరు విప్పలేదు. కొల్లేటి చుట్టుపట్ల ఎటు చూచినను నీరే. త్రాగుటకు పనికివచ్చు నీరు మాత్రము దూరమునుండి తెచ్చుకొనవలసిన ఊళ్లు కలవు. ఆ నీటికొరకు పోవువారు స్త్రీలు. బావి దగ్గర, చెరువు దగ్గర, కుళాయి దగ్గర వరుసలో ఎవరు ముందు, ఎవరి బిందె ఎవరి బిందెకు తగులరాదు, గొడ్రాలు, మొగుడు విడిచినది అను మాటలు ఎంత దూరమునుండి వినబడవలెను అనునవన్నియు వారు ఎరుగుదురు. ఆ కథ మనకు ‘గబ్బిలము’లో దొరకదు. యోహాను సువార్త 4వ అధ్యాయములో దొరకును.

ఆ అధ్యాయమును మనము ఎట్లు బోధించుచున్నాము? సమరయ స్త్రీ పాపి గనుక మధ్యాహ్నము ఎవరును లేని వేళ వచ్చెనని చెప్పి, ఆమె అయిదుగురు పెనిమిట్ల సంగతి ఎత్తి, ఆమె పాపమును గూర్చి అరగంట ప్రసంగించుచున్నాము. లేఖనమును జాగ్రత్తగా చూడుడి. ఆమె ఆ వేళ ఎందుకు వచ్చెనో వ్రాయబడలేదు. ఆ పెనిమిట్లు చనిపోయిరో, విడిచిరో వ్రాయబడలేదు. ఇక పాపము చేయవద్దను ఆజ్ఞ కూడ ఆ సంభాషణలో లేదు. వ్రాయబడినదేమనగా, యూదులు సమరయులతో సాంగత్యము చేయని ఆ కాలమున, యేసు మొట్టమొదట ఆమెను దాహమునకు నీరిమ్మని అడిగెను. ఇచ్చుటకో, లేదనుటకో అధికారము ఆమె చేతిలో పెట్టెను. లేదనిపించుకొను స్థలములో తానే నిలిచెను. పిమ్మట ఆ స్త్రీ కుండ విడిచి, ఏ ఊరివారి కన్నులకు తాను వెరచెనని మనము చెప్పుచుంటిమో, ఆ ఊరిలోనికే పోయి ఆ మనుష్యులతోనే మాటలాడెను. క్షమాపణ మాట రాకమునుపే ఆమె తల పైకి లేచినది. మన ప్రసంగములు పాపికి మందు చెప్పును. సిగ్గుపడినవానికి కూడ పాపి మందే ఇచ్చును. ఏమియు చేయనివానిని పశ్చాత్తాపపడుమని చెప్పిన యెడల వాని గాయమునకు మరియొక గాయమును చేర్చినవారమగుదుము.

చట్టము వచ్చినది గదా, ఇంకను ఈ మాటలేల అని కొందరు అడుగవచ్చును. నిజమే, వచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగములోని 17వ అధికరణము అంటరానితనమును నిషేధించెను. 1955లో దానికి శిక్ష విధించు చట్టము చేయబడెను. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు పొందెను. 1989లో అత్యాచార నిరోధక చట్టము వచ్చెను. ఇవి గొప్ప మేలులు. వేరు గ్లాసు పెట్టిన హోటలువానిని ఇవి కోర్టుకు ఈడ్వగలవు. కాని మాట చివర రాలిపోయిన ‘అండీ’ని ఏ చట్టము తిరిగి తేగలదు?

మన కొల్లేరే మనకు పాఠము చెప్పుచున్నది. దానిలోనికి నీరు బుడమేరునుండి, తమ్మిలేరునుండి, రామిలేరునుండి, ఇంకను అనేకమైన కాలువలనుండి వచ్చి చేరును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి పూడుకొనిన యెడల లంకలు మునుగును. సిగ్గు కూడ అనేక వైపులనుండి మనిషిలోనికి వచ్చి చేరును. పోవుటకు దారి ఒక్కటే, తనను చిన్నచూపు చూడని ఒకనితో నోరు తెరచి చెప్పుకొనుట. ఆ దారి పూడిన చోట అది లోపలనే నిలిచి, కోపముగాను, త్రాగుడుగాను, భార్యాబిడ్డల మీద కేకలుగాను పొంగును. పొలములో ఏరా అనిపించుకొని వచ్చినవాడు ఇంటిలో ఎవరిని ఏమే అనుచున్నాడో వినుడి. మరియొక పాఠము: 2006లో ఆపరేషన్ కొల్లేరు అను పేరున ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను యంత్రములతో కొట్టివేసిరి. తరువాతి కాలమున అనేక చోట్ల గట్లు మరల లేచినవి. బయటినుండి కొట్టిన గట్టు లోపలి ఆశ మారనంతకాలము మరల లేచును. చట్టము గట్టును కొట్టగలదు. మరల పోయకుండ కాచుట పొరుగువారి పని.

ఇక మన ఇంటి సంగతి. మనకు ఈ పాపము లేదని చెప్పుకొందుమా? 1910లో ఎడింబరో పట్టణమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు లేచి, మిషనెరీలు భారతీయ సేవకులకొరకు త్యాగములు చేయుదురు గాని వారితో స్నేహితులవలె మెలగరని, బల్లయొద్దకు పిలువరని నిర్మొగమాటముగా చెప్పి, మాకు స్నేహితులు కావలెనని అడిగెను. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయనయే ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడి మన తెలుగు దేశములోని దోర్నకల్లుకు వచ్చెను. దొరల సంగతి చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. మాల సంఘమువారు మాదిగ సంఘమువారితో, వేరే కులమునుండి వచ్చిన క్రైస్తవులు ఈ ఇద్దరితోను పెండ్లి మాటలు వచ్చినప్పుడు ఎట్లు మాటలాడుచున్నారు? ఒకే రొట్టె తిన్న చేతులు ఒకే శ్మశానములో పూడ్చుటకు ఒప్పుకొనుచున్నవా?

పేరుల సంగతి మరియు నొప్పి గలది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను మొదట హిందువులకే ఇచ్చెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది చేర్చబడెను. క్రైస్తవులకు చేర్చబడలేదు. మన రాష్ట్రములో 1970నుండి దళిత క్రైస్తవులు బి.సి. ‘సి’ వర్గములో నున్నారు. ఇందువలన ఎందరో పిల్లలు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు గలవారై పెరుగుచున్నారు. ఆ చట్టపు న్యాయాన్యాయములను తేల్చుట ఈ వ్యాసము పని కాదు. అయితే గుడిలో పిలిచిన పేరును బజారులో ఎవరైన పిలిచినప్పుడు ఉలిక్కిపడు ఆ బిడ్డను వేషధారియని బల్లమీదనుండి గద్దించువారు ఒక్క క్షణము ఆగవలెను. ఆ ముడి ఆ బిడ్డ వేసినది కాదు.

చదువరులారా, పెద్ద మాటలు చెప్పి విడిచిన ప్రయోజనము లేదు గనుక, చేయదగిన చిన్న పనులు కొన్ని చెప్పుదును.

కోతపండుగనాడు కానుకల పట్టీని పేరుపేరున, రూపాయలతో సహా చదువుట మానుడి. వెయ్యి రూపాయలు విని చప్పట్లు కొట్టిన సంఘము పది రూపాయలు విని ఊరకుండినప్పుడు, ఆ పది ఇచ్చిన విధవరాలు వచ్చే సంవత్సరము పండుగకు రాదు. దేవాలయములో రెండు కాసులు వేసిన స్త్రీని ప్రభువు శిష్యులను పిలిచి చూపెను. మనము ఆమెను ఎత్తి చూపి దాచుకొనునట్లు చేయుచున్నాము.

గృహ ప్రార్థనలో వరుసగా అందరి చేతను వచనములు చదివించునప్పుడు, చదువురాని అక్క చేతికి గ్రంథమునిచ్చి చూడకుడి. చదువగలవారు ముందుగా తామే చదువుదుమని చెప్పవచ్చును. ఆమెకు వచ్చిన కీర్తనను ఆమె చేత పాడించవచ్చును.

అండి అను మాటకు మన జిల్లాలు పేరుపొందినవి. ఆ మర్యాద మోతుబరికి ఒకటి, కూలివానికి ఒకటి గాకుండ చూడుడి. మీ పిల్లలు పెద్దవయసు పాలేరును ఏరా అని పిలిచినప్పుడు నవ్వి ఊరకుండకుడి. తాతా అని పిలువనేర్పుడి. అది ఖర్చులేని పని. అయినను మన తాతలు చేయలేకపోయిరి.

బస్సులో, రైలులో, పెండ్లిపందిరిలో ఆ మూడవ ప్రశ్న మీ నోటికి వచ్చినప్పుడు మ్రింగుడి. మిమ్మును ఎవరైన అడిగినప్పుడు మాత్రము, తల వంచక నిజము చెప్పుడి. కిటికీ వైపు తిరుగకుడి. అటు తిరుగవలసినవాడు అడిగినవాడు.

సిగ్గుపడిన మనిషి మీ దగ్గరకు వచ్చినప్పుడు ఉపదేశము ముందు పెట్టకుడి. అతని ఇంటికి పోయి మంచినీళ్లు అడుగుడి. సుఖారు బావి దగ్గర నేర్చుకొనవలసిన మొదటి పాఠము అదియే.

సిలువ మరణమును గూర్చి మనము నొప్పినే ఎక్కువగా చెప్పుదుము. రోమీయులు ఆ శిక్షను బాట ప్రక్కను, వచ్చిపోవువారందరు చూచునట్లు, బట్టలు తీసివేసి అమలు చేసిరి. నొప్పికంటె నగుబాటు దాని ఉద్దేశము. మన ప్రభువు ఆ సిగ్గును లెక్కచేయలేదని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము చెప్పుచున్నది. సిగ్గు లేదని అది చెప్పదు. అది తనది కాదని ఆయన ఎరుగును. దానిని వేసినవారిదే అది.

‘గబ్బిలము’ను మీ సంఘ గ్రంథాలయములో ఉంచుడి. యౌవనస్థుల కూటములో ఒకరు పద్యమును చదువగా ఒకరు అర్థము చెప్పునట్లు ఒక సాయంకాలము ఏర్పాటు చేసికొనుడి. చదువురాని పెద్దలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. చదివిన పిమ్మట వారినే అడుగుడి: మీ గోడు ఎవరితోనైన చెప్పుకొంటిరా అని. వారు చెప్పనారంభించినప్పుడు ఎవరును మాట కలుపక, లేచిపోక, చివరివరకు వినుడి. ఎనుబది ఏండ్లకు పైగా ఆ సందేశము ఒక ప్రాణి వీపుమీద తిరుగుచున్నది. మనుష్యులు వినుటకు సిద్ధపడిన నాడు దానికి ఇక గబ్బిలముతో పని యుండదు.